ఎక్స్‌బాక్స్‌ను కంప్యూటర్‌కు కలిపే ముందు ఫైర్‌వాల్ జాగ్రత్తలు

విండోస్ కంప్యూటర్‌లోని వీడియోలను ఎక్స్‌బాక్స్ 360 గేమ్ కన్సోల్ ద్వారా టీవీలో చూడదలచినవారు, ఫైర్‌వాల్ (నెట్‌వర్క్ రాకపోకలను అనుమతించే లేదా అడ్డుకునే రక్షణ వ్యవస్థ) జోలికి వెళ్లేటప్పుడు కింది విషయాలను సరిచూసుకోవాలి.

• రెండు పరికరాలూ ఒకే రౌటర్‌కు కలిసి ఉండాలి. కన్సోల్ గెస్ట్ వైఫైలో (అతిథుల కోసం విడిగా ఉంచే నెట్‌వర్క్‌లో) ఉంటే ఫైర్‌వాల్‌లో ఎన్ని పోర్టులు (డేటా వచ్చిపోయే నంబరు ద్వారాలు) తెరిచినా సాధారణంగా ఫలితం ఉండదు.

• ఇంటి నెట్‌వర్క్ ‘పబ్లిక్’గా నమోదై ఉంటే ‘ప్రైవేట్’గా మార్చండి. చాలామంది ఇబ్బంది ఇక్కడితోనే తీరిపోతుంది.

• ఇప్పుడున్న ఫైర్‌వాల్ నియమాలను విండోస్ ఫైర్‌వాల్ అడ్వాన్స్‌డ్ సెక్యూరిటీ విండోలోని ‘ఎక్స్‌పోర్ట్ పాలసీ’తో ఒక ఫైలులో భద్రపరచుకోండి.

• ఇన్‌బౌండ్ రూల్స్ (బయటి నుంచి కంప్యూటర్‌లోకి వచ్చే డేటాకు వర్తించే నియమాలు) జాబితాలో ఎర్రటి గుర్తున్న నియమాలను ఓపికగా వెతకండి. ఏదైనా ప్రోగ్రాం తొలిసారి అనుమతి అడిగినప్పుడు మనం తొందరలో ‘క్యాన్సిల్’ నొక్కితే, విండోస్ దాని పేరిట నిరోధించే నియమాన్ని రాసిపెట్టుకుంటుంది. నిరోధించే నియమం అనుమతించే నియమం కంటే బలమైనది కనుక, తర్వాత ఎన్ని అనుమతులిచ్చినా అది అడ్డుపడుతూనే ఉంటుంది.

• మీడియా స్ట్రీమింగ్‌కు యూడీపీ 1900, టీసీపీ 2869, 10243 పోర్టులు అవసరమవుతాయి (యూడీపీ, టీసీపీ అనేవి డేటా పంపే రెండు పద్ధతులు). వీటికి విండోస్‌లో నియమాలు ముందే ఉంటాయి కాబట్టి కొత్తవి రాయడం కంటే వాటిని ప్రైవేట్ ప్రొఫైల్‌కు ప్రారంభించడమే మేలు. ఆ నియమాల స్కోప్‌లో (ఏ పరికరాలకు వర్తిస్తాయో చెప్పే చోట) ‘లోకల్ సబ్‌నెట్’ (ఇంటి నెట్‌వర్క్ మాత్రమే) అని ఉందో లేదో చూడండి.

• ఇదంతా ఇంటిలోపలి వ్యవహారం కాబట్టి, రౌటర్‌లో పోర్ట్ ఫార్వార్డింగ్ (ఇంటర్నెట్ నుంచి ఇంటిలోని పరికరానికి దారి తెరవడం) చేయవద్దు.

• యాంటీవైరస్‌కు సొంత ఫైర్‌వాల్ ఉంటే, మార్పులు అందులోనే చేయవలసి రావచ్చు.

• పరీక్ష కోసం ఫైర్‌వాల్‌ను పూర్తిగా ఆపివేయడం, నా ఉద్దేశంలో, అయిదు నిమిషాలకైనా మంచిది కాదు. తిరిగి పెట్టడం మరిచిపోయేవారే ఎక్కువ.