అమెరికాలో రీసేల్ టికెట్: డబ్బు కట్టాక కూడా పని మిగిలే ఉంటుంది

ఆటకో కచేరీకో ఒకరు కొన్న టికెట్‌ను తిరిగి అమ్మే చోటు రీసేల్ సైటు. కానీ ముందు చూడాల్సింది అది కాదు, అసలు అమ్మేవాళ్ల దగ్గర టికెట్లు నిజంగా అయిపోయాయో లేదో. గూగుల్‌లో స్టేడియం పేరు కొడితే పైన వచ్చే ప్రకటన చాలాసార్లు రీసేల్ సైటుదే. బాక్సాఫీసులో (స్టేడియం టికెట్ కౌంటర్‌లో) సీట్లు ఉండగానే రెట్టింపు కట్టేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు. అందుకే స్టేడియం సొంత వెబ్‌సైట్ నుంచే వెళ్లండి. అసలు టికెట్లు అమ్మే పెద్ద కంపెనీ టికెట్‌మాస్టర్ అయితే అసలు టికెట్లనూ రీసేల్‌వీ ఒకే మ్యాపులో చూపిస్తుంది. సీటు నొక్కినప్పుడు ‘వెరిఫైడ్ రీసేల్’ అని ఉంటే అది ఎవరో తిరిగి అమ్ముతున్నదని అర్థం.

అయిపోయాయని తేలాక స్టబ్‌హబ్, సీట్‌గీక్, వివిడ్ సీట్స్ అనే రీసేల్ సైట్లు మూడూ తెరిచి, అదే సెక్షన్, అదే వరుస ధరలు పోల్చండి. ఒకే టికెట్ రెండు మూడు చోట్ల ఉండటం మామూలే. ఫీజులన్నీ కలిపిన ధరనే మొదటినుంచీ చూపాలని 2025 మే 12 నుంచి ఎఫ్‌టీసీ (అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ) నిబంధన అమల్లో ఉంది. అయినా కార్డుతో డబ్బు కట్టే ముందు మొత్తం ఒకసారి చూసుకోండి.

ధర కన్నా వివరాలు ముఖ్యం. ‘అబ్‌స్ట్రక్టెడ్ వ్యూ’ అంటే ఏ స్తంభమో అడ్డొస్తుంది. ‘పిగ్గీబ్యాక్’ అంటే సీట్లు పక్కపక్కన కాదు, ఒకదాని వెనక ఒకటి. అమ్మేవాళ్లు ఒంటరి సీటు మిగలనివ్వరు కాబట్టి నాలుగున్న చోట మూడు కొననివ్వకపోవచ్చు. అసలు అమ్మకాలే మొదలుకాకుండా, వరుస చెప్పకుండా కనిపించే టికెట్లతో మాత్రం జాగ్రత్త. చాలావరకు అమ్మేవాడి చేతిలో ఏమీ ఉండదు. తర్వాత చవగ్గా కొని ఇద్దామని ఆశ. ధర పెరిగితే చేతులెత్తేస్తాడు. సైటు టికెట్ డబ్బు తిరిగిస్తుంది, విమానానికీ హోటల్‌కీ పెట్టింది మాత్రం మీ నెత్తినే.

ఎప్పుడు కొనాలి? టికెట్లు కుప్పలుగా ఉంటే చివరి రోజుల్లో, ఒక్కోసారి చివరి గంటల్లో ధర దిగుతుంది. ఒకరో ఇద్దరో అయితే ఆగొచ్చు. పిల్లలతో కలిపి నాలుగు సీట్లు ఒకేచోట కావాలంటే ఆగకండి.

కొన్నాక అసలు ఘట్టం ట్రాన్స్‌ఫర్, అంటే టికెట్ అమ్మినవాడి ఖాతా నుంచి మీ ఖాతాలోకి మారడం. టికెట్‌మాస్టర్ లేదా అలాంటిదే ఇంకో టికెట్ కంపెనీ ఏఎక్స్‌ఎస్ నుంచి మెయిల్ వస్తుంది. మీ ఖాతాలోకి వెళ్లి ‘యాక్సెప్ట్’ నొక్కాలి. నొక్కేదాకా పంపినవాడు దాన్ని వెనక్కి తీసుకోగలడు. అందుకే కొనేటప్పుడు ఆ ఖాతాలో ఉన్న ఈమెయిలే ఇవ్వండి. కొన్ని షోలకు నిర్వాహకులే చివరి రెండు మూడు రోజులదాకా ట్రాన్స్‌ఫర్ ఆపుతారు, అది చూసి కంగారు పడక్కర్లేదు. ఆర్డర్‌లో రాసిన గడువు దాటితేనే సైటుకు ఫోన్ చేయండి.

స్క్రీన్‌షాట్ పంపుతానంటే ఒప్పుకోవద్దు. టికెట్‌మాస్టర్ మొబైల్ టికెట్ ‘సేఫ్‌టిక్స్’ బార్‌కోడ్ కొన్ని సెకన్లకోసారి మారిపోతుంది, ఫొటో గేటు దగ్గర చెల్లదు. జనం ఎక్కువైతే అక్కడ నెట్ అందదు కాబట్టి టికెట్‌ను ఇంట్లోనే ఫోన్ వాలెట్‌లో వేసుకోండి.

మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో అసలు ధరకే ఇచ్చేవాళ్లు దొరుకుతారు, మంచి బేరమే. కానీ జెల్‌లో (బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే సేవ) వెళ్లిన డబ్బు తిరిగి రావడం కష్టం. తెలియని మనిషైతే ట్రాన్స్‌ఫర్ మీ ఖాతాలో పడ్డాకే పంపుతానని చెప్పండి. ససేమిరా అంటే ఆ బేరం వదిలేసి, ఫీజు ఎక్కువైనా సైట్లో క్రెడిట్ కార్డుతో కొనుక్కోండి.

గేటు దగ్గర స్కాన్ కాకపోతే ఇంటికొచ్చి ఫిర్యాదు చేద్దామనుకోకండి. అక్కడి నుంచే సైటుకు ఫోన్ చేసి, బాక్సాఫీసు దగ్గర టికెట్ చెల్లలేదని ఏదో ఒక రుజువు తీసుకోండి. వేరే సీట్లు ఇప్పించే వీలుండేది ఆ కాసేపే. షో రద్దయితే డబ్బు వస్తుంది, వాయిదా పడితే మాత్రం సాధారణంగా రాదు: కొత్త తేదీకి అదే టికెట్. ఆ రోజు వెళ్లలేకపోతే మీరే అదే సైట్లో తిరిగి అమ్ముకోవాలి.