జెల్ పెట్టిన గంట నుంచి లెక్కపెట్టకండి

పోయిన నెల మా బంధువులమ్మాయి కాన్పు సంగతి విన్నప్పటి నుంచీ మనసు కుదురుగా లేదు. తేదీ దాటి వారమైనా నొప్పులు రాలేదని డాక్టరమ్మ సాయంత్రం 6 గంటలకు నొప్పులు తెప్పించడానికి జెల్ పెట్టారు. నొప్పి తెలియకుండా వెన్నుకు ఇచ్చే ఇంజెక్షన్ తీసుకోకుండానే కనాలని ఆ అమ్మాయి పట్టుదల. రాత్రంతా వరండాలో నడిచింది, గుంజీళ్లు తీసింది, కునుకు తీయలేదు. తెల్లారి పరీక్ష చేస్తే గర్భాశయ ముఖద్వారం తెరుచుకున్నది 2 సెంటీమీటర్లే. ‘ఇన్ని గంటలకూ ఇంతేనా’ అని ఇంటిల్లిపాదీ డీలా పడ్డారు. 10 గంటలకు నొప్పులు పెంచే మందు ఆక్సిటోసిన్‌ను సెలైన్‌లో కలిపి డ్రిప్ మొదలుపెట్టారు. నర్సు పక్క మంచానికి వెళ్లగానే, తోడున్న పెద్దావిడ సెలైన్ గొట్టం మీది చిన్న చక్రాన్ని కదిపింది. సీసా తొందరగా అయిపోతే కాన్పూ తొందరగా అవుతుందనుకుంది పాపం. కాసేపట్లోనే నొప్పికీ నొప్పికీ మధ్య సందు లేకుండా పోయింది. 140 దగ్గర ఉన్న బిడ్డ గుండె 80కి పడిపోయింది. డ్రిప్ ఆపి, పక్కకు తిప్పి, ఉన్నపళంగా ఆపరేషన్‌కు తీసుకెళ్లారు. బిడ్డ దక్కింది.

అందరూ ఆ పెద్దావిడను తిడుతున్నారు. నేను తిట్టను. అసలు తప్పు అంతకు ముందురోజు సాయంత్రమే జరిగింది. జెల్ పెట్టిన గంటను నొప్పులు మొదలైన గంటగా లెక్కపెట్టుకున్నారు. లేబర్ రూములో 26 ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేశాను. మందుతో నొప్పులు తెప్పించుకుని, నొప్పి తెలియకుండా చేసే ఇంజెక్షన్ లేకుండా కనగలిగిన వాళ్లను చాలామందిని చూశాను. కనలేక చేతులెత్తేసిన వాళ్లలో ఎక్కువమందిని ముంచింది నొప్పి కాదు, ఈ లెక్కే.

జెల్ చేసే పని గర్భాశయ ముఖద్వారాన్ని మెత్తబరచడం. మాత్ర పెట్టినా, గొట్టానికి బుడగ ఉన్న క్యాథెటర్ పెట్టినా అంతే. పచ్చి కాయను మగ్గబెట్టినట్టు. తొలిచూలు అయితే, ముఖద్వారం ఇంకా గట్టిగా ఉంటే, దీనికే ఒక పగలూ రాత్రీ పట్టవచ్చు, అంతకు మించీ పట్టవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన సూచనల ప్రకారం అసలైన కాన్పు దశ 5 సెంటీమీటర్ల నుంచి మొదలవుతుంది. అంటే మీరు వరండాలో గుంజీళ్లు తీసిన రాత్రి ఆ లెక్కలోకే రాదు. కడుపులో పట్టేసినట్టు, నెలసరి నొప్పిలా వస్తుంది. నిజమే, బాధగానే ఉంటుంది. కానీ అది మగ్గడం, కాన్పు కాదు.

వెళ్లే ముందు అడగవలసినవి రెండే. మొదటిది, ఇప్పుడే ఎందుకు తెప్పిస్తున్నారు? బీపీ, షుగరు, ఉమ్మనీరు తగ్గడం, నీరు పోయి నొప్పులు రాకపోవడం, తేదీ దాటడం, వీటిలో ఏది? తేదీ దాటిందంటే మొదటి మూడు నెలల్లో తీసిన స్కాన్ కాగితం చూపించండి. తొమ్మిదో నెల స్కాన్‌లో పడే తేదీ అటూ ఇటూ వారాల తేడాతో ఉంటుంది. రెండోది, బిషప్ స్కోరు ఎంత? ముఖద్వారం ఎంత మెత్తబడింది, ఎంత తెరుచుకుంది, తల ఎంత దిగింది అని చూసి 13కి వేసే మార్కులివి. 6 లేదా అంతకన్నా తక్కువ అంటే ఇంకా మగ్గలేదని. ఆ అంకె తెలిస్తే ఎన్ని రోజులకు బట్టలు సర్దుకోవాలో తెలుస్తుంది. ముహూర్తం చూసి జెల్ పెట్టించుకునే వాళ్లకు ఒక మాట: జెల్‌కు పంచాంగం తెలియదు.

ఇంతకు ముందు ఆపరేషన్ అయి ఉంటే, గర్భసంచి మీద ఇంకే కోత పడి ఉన్నా, అడగకపోయినా చెప్పండి. అలాంటి వాళ్లకు మిసోప్రొస్టాల్ మాత్రలతో నొప్పులు తెప్పించకూడదు. పాత కుట్టు విడిపోయే ప్రమాదం ఉంది.

ఇక జెల్ పెట్టిన రాత్రి. నిద్రపోండి. బిడ్డ గుండె చూసి, లేవవచ్చని నర్సు చెప్పాక మూత్రానికి వెళ్లి, డాక్టరు వద్దనకపోతే రెండు ఇడ్లీలో, కాస్త పెరుగన్నమో తిని, లైటు తీసేసి పక్కకు తిరిగి పడుకోండి. నిద్ర పట్టకపోయినా కళ్లు మూసుకుని ఉండండి. ఊళ్లో వాళ్లందరికీ ఫోన్లు చేయకండి. చేశారంటే గంటకొకరు ‘ఏమైంది’ అని అడుగుతారు, మీ లెక్క మళ్లీ జెల్ దగ్గరికే వెళ్తుంది. మర్నాడు ఖర్చుపెట్టవలసిన ఓపికంతా ఆ రాత్రి దాచుకోవాలి. ఎందుకంటే డ్రిప్ నొప్పి వేరు. మామూలు కాన్పులో నొప్పులు మెట్టు మెట్టుగా ఎక్కుతాయి, ఒళ్లు అలవాటు పడుతుంది. డ్రిప్‌లో చుక్కలు పెంచే కొద్దీ మెట్లు దాటి దాటి వస్తాయి. నిద్రపోయి లేచిన మనిషి తట్టుకుంటుంది. రాత్రంతా నడిచిన మనిషి 4 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. ఇది నేను వందసార్లు చూశాను.

జెల్ పెట్టాక కనీసం 6 గంటలు ఆగితే గాని డ్రిప్ మొదలుపెట్టరు. రెండూ కలిస్తే గర్భసంచి ఊపిరాడకుండా బిగుసుకుంటుంది. అందుకే ‘ఇంకా సెలైన్ పెట్టరేమిటి’ అని నర్సు వెంటపడకండి.

డ్రిప్ మొదలయ్యాక పొట్టకు బెల్టు కట్టి బిడ్డ గుండె చూస్తారు. నొప్పి తెలియకుండా చేసే మందు లేని కాన్పు కావాలని ఆ బెల్టు తీసేయమని గొడవ పడే వాళ్లున్నారు. అది మాత్రం ఒప్పుకోను. బెల్టు ఉన్నా వెల్లకిలా పడి ఉండనక్కర లేదు. మంచం పక్కన నిలబడి పరుపు మీదికి వాలవచ్చు, కూర్చోవచ్చు, పక్కకు తిరగవచ్చు. తోడున్న వాళ్లు అరచేతి మడమతో నడుము కింద, తోక ఎముక పైన, నొప్పి వచ్చినంతసేపూ గట్టిగా ఒత్తి పట్టుకోవాలి. నిమరడం కాదు, ఒత్తడం. నొప్పి తగ్గగానే దవడ వదిలేయండి, భుజాలు వదిలేయండి. ఊపిరి తీయడం దానంతటదే వస్తుంది, వదలడం మీద ధ్యాస పెట్టండి.

10 నిమిషాల్లో 5 కన్నా ఎక్కువ నొప్పులు వస్తే నర్సుకు చెప్పండి. చుక్కలు తగ్గించవచ్చు, ఆపవచ్చు. ఆపితే కొద్ది నిమిషాల్లోనే ఆక్సిటోసిన్ పట్టు సడలడం మొదలవుతుంది. నొప్పులు బాగా కుదురుకున్నాక ‘ఇప్పుడు తగ్గించవచ్చా’ అని అడగడంలోనూ తప్పు లేదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు ఆపరేషన్లే, ఆంధ్రప్రదేశ్‌లో 42. ఇలాంటి చోట ‘మా పిల్ల బాధ చూడలేకపోతున్నాం, కోసేయండి’ అని ఇంటివాళ్లు ఒక్కసారి అంటే చాలు. తల్లీ బిడ్డా క్షేమంగా ఉన్నప్పుడు, ఉమ్మనీరు పోయాక కనీసం 12 నుంచి 18 గంటలు డ్రిప్ నడిచినా కదలిక లేకపోతేనే మందు పనిచేయలేదని తేల్చాలని అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం మార్గదర్శకం. గమనించారా, లెక్క ఎక్కడి నుంచి? జెల్ నుంచి కాదు.

మిగతావి వరసగా చెప్పేస్తాను.

డ్రిప్ చక్రం మీద నర్సు చేయి తప్ప మరో చేయి పడకూడదు. తోడు వచ్చే మనిషికి ఈ మాట ఇంటి దగ్గరే, ఆటో ఎక్కకముందే చెప్పండి.

తోడు ఒక్కరే. ఏడ్చే మనిషి వద్దు. ప్రభుత్వాసుపత్రిలోనూ కాన్పు తోడును రానివ్వాలని కేంద్రం 2016లోనే చెప్పింది, అడగండి.

రెండు గంటలకోసారి మూత్రానికి వెళ్లండి. నిండిన మూత్రసంచి బిడ్డ తలకు అడ్డం.

చెంబులకు చెంబులు నీళ్లు తాగకండి. ఆక్సిటోసిన్ ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది.

ఆముదం తాగకండి.

ఇంటి దగ్గర ఆర్‌ఎంపీ చేత ‘నొప్పుల ఇంజెక్షన్’ వేయించుకోకండి. చనిపోయిన వాళ్లను చూశాను.

బిడ్డ తల ఇంకా పైనే ఉండగా ఉమ్మనీటి సంచి చిల్లు చేస్తామంటే, తల కుదురుకుందా అని అడగండి. బొడ్డుతాడు ముందుకు జారితే ప్రాణం మీదికి వస్తుంది.

నీరు పచ్చగా పోయినా, రక్తం ధారగా పోయినా, నొప్పి ఆగాక కూడా పొట్ట రాయిలా ఉన్నా, కళ్లు మసకబారినా ఓర్చుకోవద్దు. అరవండి.

పొట్ట మీద ఎక్కి నొక్కనివ్వకండి.

ముక్కమనే దాకా ముక్కకండి.

గంటగంటకూ ఎన్ని సెంటీమీటర్లని అడగకండి. లోపలి పరీక్ష ఎన్నిసార్లు చేస్తే అంత ఇన్ఫెక్షన్.

వెన్ను ఇంజెక్షన్ కావాలనిపిస్తే, అక్కడ దొరికితే, తీసుకోండి. ఇది నోము కాదు, మధ్యలో వదిలితే పాపం రాదు.

జెల్ పెట్టిన గంట కాగితం మీద రాసుకోకండి. నర్సు రాసుకుంటుంది, ఆమెకు అవసరం. మీకు అవసరం లేదు.

బిడ్డ పుట్టగానే 10 యూనిట్ల ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఇస్తారు. ‘నేను నొప్పి మందు లేకుండా కన్నాను’ అని దాన్ని వద్దనకండి. గంటల తరబడి డ్రిప్‌తో పనిచేసిన గర్భసంచి అలిసి ముడుచుకోక రక్తం ఎక్కువగా పోవచ్చు. మొదటి రెండు గంటలు పక్కన మనిషి ఉండాలి, మాటలకు కాదు, కింద గుడ్డ చూడటానికి. అది తడిసిపోతుంటే మార్చి ఊరుకోకండి. నర్సుకు చూపించండి.