కొండవాలు జీడి తోటకు అగ్గి ముప్పు ఎంత? మ్యాప్ ఇలా వేసుకోండి

మందస వైపు కొండల అంచు తోటలకు మార్చి నుంచి మే దాకా అగ్గి భయం తప్పదు. ఫైర్ లైన్ (మంట దాటకుండా ఆకు, పొద తీసేసిన పట్టీ) ఎక్కడ కొట్టాలో తేల్చుకోవడానికి ఒక ల్యాప్‌టాప్, ఉచితంగా దొరికే మ్యాపుల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ చాలు. ఫిబ్రవరి నెలాఖరుకు పని ముగించండి.

1. ముందు ప్రొజెక్షన్, అంటే గుండ్రటి భూమిని చదును మ్యాప్ మీదకు తెచ్చే లెక్క. చాలామంది తప్పేది ఇక్కడే. 84 డిగ్రీల రేఖాంశం శ్రీకాకుళం జిల్లాను చీల్చుకుంటూ పోతుంది. శ్రీకాకుళం పట్నం, విజయనగరం జిల్లా యూటీఎం (భూమిని నిలువు పట్టీలుగా విడగొట్టి మీటర్లలో కొలిచే పద్ధతి) పట్టీ 44ఎన్‌లో (కోడ్ 32644) పడతాయి. పలాస, మందస 45ఎన్‌లో (32645). మీ భూమి ఏ వైపుందో చూసి అన్ని లేయర్లనూ (మ్యాప్ పొరలనూ) అందులోకి మార్చండి.

2. వాలు. 30 మీటర్ల గడులున్న ఎస్‌ఆర్‌టీఎం ఎత్తుల డేటా నుంచి స్లోప్ తీయండి. అక్షాంశ రేఖాంశాల్లోనే ఉంచి తీస్తే మైదానం కూడా 90 డిగ్రీలకు దగ్గరగా చూపిస్తుంది. వాలు పది డిగ్రీలు పెరిగితే పైకి పాకే మంట వేగం సుమారు రెట్టింపవుతుంది. దక్షిణ, నైరుతి ముఖాలు (ఆ దిక్కుకు తిరిగిన వాలులు) త్వరగా ఎండుతాయి, వాటికి కొంచెం మార్కు కలపండి.

3. ఎండు. ఫిబ్రవరి మధ్య తర్వాత మబ్బు లేని సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రం తీసుకుని రాస్టర్ కాలిక్యులేటర్‌లో (బీ8ఏ − బీ11) ÷ (బీ8ఏ + బీ11) వేయండి. బీ8ఏ, బీ11 ఆ చిత్రంలోని పరారుణ బ్యాండ్లు. విలువ తగ్గేకొద్దీ తేమ తక్కువ. కోత కోసిన వరి మడులూ ఎండుగానే కనిపిస్తాయి కాబట్టి వాటిని ముందే తీసేయాలి. జీడి ఏడాదంతా పచ్చగా ఉంటుంది. దాని కింది ఎండుటాకులు ఉపగ్రహానికి కనపడవు. అవి వెళ్లి చూసుకోవలసిందే.

4. మనుషుల రాకపోకలు. ఈ కొండల్లో అగ్గి తనంతట తాను పుట్టడం అరుదు. పోడు కాల్చేచోట, ఇప్పపూలు ఏరడానికి చెట్టు కింద ఆకులు తగలబెట్టేచోట, బాటల పక్కన పుడుతుంది. వాటిని గీసి 100, 300, 500 మీటర్ల బఫర్లు (చుట్టూ ఆ దూరం వరకు పట్టీలు) వేయండి.

5. కలపడం. ప్రతి లేయర్‌నూ 1 నుంచి 5 మార్కుల్లోకి మార్చండి (5 అంటే ఎక్కువ ముప్పు). మొదట ఎండుకు 35, మనుషుల దూరానికి 30, వాలుకు 25, ముఖానికి 10 శాతం పెట్టి కలిపి, మొత్తం ఎక్కువ వచ్చిన చోట్లకు ఎరుపు రంగు వేయండి. నాసా ఫర్మ్స్ (ఉపగ్రహాలు చూసిన మంటల వెబ్‌సైట్) నుంచి గత ఏళ్ల వీర్స్ (ఉపగ్రహ సెన్సర్) మంట బిందువులు దించి మ్యాప్ మీద పరచండి. ‘టైప్’ గడిలో 0 (మొక్కల మంటగా భావించినవి) ఉన్నవే ఉంచండి. ఫ్యాక్టరీల వంటి స్థిర వేడి చాలామటుకు తప్పిపోతుంది. ఒక్కో బిందువు 375 మీటర్ల గడికి మధ్య గుర్తు మాత్రమే, అగ్గి సరిగ్గా అక్కడే పుట్టిందనుకోకండి. ఎక్కువ బిందువులు ఎరుపులో పడకపోతే శాతాలు మార్చి మళ్లీ కలపాలి.

ఆ మ్యాప్‌ను క్యూఫీల్డ్ యాప్‌తో ఫోన్లో పెట్టుకుని ఎరుపు చోట్లకు నడవండి. ఫైర్ లైన్ వాలు మధ్యలో కొడితే పైన కాలుతున్న దుంగలు దొర్లి దాన్ని దాటేస్తాయి. వీలైనంత వరకు కొండ నెత్తిన కొట్టి, రాలే ఆకును మే దాకా ఊడుస్తూ ఉండాలి.