ఆగస్టు ప్రయాణాలు: విమానం భయంతో టికెట్లు పాడుచేసుకోకండి

2025 జూన్‌లో అహ్మదాబాద్‌లో ఎయిరిండియా బోయింగ్ 787 (డ్రీమ్‌లైనర్ అనేది దీన్నే) కూలిన ప్రమాదం మీద ప్రాథమిక నివేదిక అదే ఏడాది జులై 12న వచ్చింది. అప్పట్నుంచి వైజాగ్ ద్వారకానగర్‌లోని మా టికెట్ల ఆఫీసులో ఛార్జీల గురించి అడిగేవాళ్ళు తగ్గిపోయారు. "బాబూ, బోయింగ్ కాకుండా చూడు", "డ్రీమ్‌లైనర్ అయితే మాకొద్దు", పొద్దున్నుంచీ ఇవే ఫోన్లు. పిల్లలు పైచదువులకు వెళ్ళే రోజులు, టెన్షన్ ఉంటుంది. బెల్టు, పాస్‌పోర్టు సంగతులు మీకు నేను చెప్పక్కర్లేదు. చెప్పేది ఒకటే: ప్రాథమిక నివేదిక చూసి తప్పెవరిదో తేల్చేయకండి, దాన్ని నమ్ముకుని టికెట్ మార్చకండి.

నివేదిక చదివేటప్పుడు

అది 15 పేజీలు, విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఏఏఐబీ వెబ్‌సైట్‌లోనే ఉంది. వాట్సాప్‌లో తిరుగుతున్నది అందులో ఒక్క ముక్క: ఇంధనం ఎందుకు ఆపావని ఒక పైలట్ అడిగారు, నేను ఆపలేదని రెండో ఆయన అన్నారు. ఏ మాట ఎవరిదో నివేదిక చెప్పలేదు. గాల్లోకి లేచిన కొద్ది సెకన్లకే రెండు ఇంజిన్ల ఇంధన స్విచ్‌లు సెకను తేడాతో 'రన్' నుంచి 'కటాఫ్'కు మారాయని చెప్పింది. ఎలా మారాయో చెప్పలేదు. ఆ స్విచ్ మోచెయ్యి తగిలితే కదిలేది కాదు, పైకి లాగి పట్టుకుని జరపాలి. ఇది వినగానే సగం ఊరు "పైలటే" అనేసింది.

అదే నివేదికలో ఇంకో సంగతీ ఉంది. కొన్ని బోయింగ్ 737 విమానాల్లో ఇలాంటి స్విచ్‌లను లాక్ పనిచేయని స్థితిలో బిగించారని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ 2018లో చెప్పింది. తనిఖీ చేసుకోమన్నది సలహా మాత్రమే కాబట్టి ఎయిరిండియా ఆ తనిఖీ చేయలేదు. మిగతా సగం ఊరు దీన్ని పట్టుకుని "బోయింగే" అంది. నివేదిక వచ్చాక మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆదేశంతో స్విచ్‌లు తనిఖీ చేశారు, తమ 787ల్లో లోపం కనిపించలేదని ఎయిరిండియా ప్రకటించింది. అంతమాత్రాన బోయింగ్‌కు క్లీన్ చిట్ వచ్చేసినట్టు కాదు.

బోయింగ్‌ను అనుమానించేవాళ్ళను నేను తప్పుపట్టను. 2018లో లయన్ ఎయిర్, 2019లో ఇథియోపియన్, రెండు 737 మ్యాక్స్‌లు కూలి 346 మంది పోయారు. మొదటిది కూలినప్పుడు పైలట్లను, మెకానిక్‌లను అన్నవాళ్ళు చాలామంది. విమానం ముక్కును కిందికి దించే ఎంక్యాస్ సాఫ్ట్‌వేర్ ఒకే ఒక్క సెన్సర్‌ను నమ్ముకుని నడిచేదని ఆ తర్వాత బయటపడింది. కానీ మ్యాక్స్ వేరు, 787 వేరు. 787 ప్రయాణికులతో ఎగురుతున్నది 2011 నుంచి. 2013లో బ్యాటరీలు కాలి కొన్నాళ్ళు ప్రపంచమంతటా నేల మీదే నిలబెట్టారు, నిజమే. ప్రాణాలు పోయి విమానం కూలడం మాత్రం అహ్మదాబాద్‌లోనే మొదటిసారి.

టికెట్ దగ్గర

గాజువాక నుంచి ఒక పెద్దాయన వచ్చారు, స్టీల్‌ప్లాంట్‌లో చేసి రిటైరైన మనిషి. అమ్మాయి వైజాగ్ నుంచి హైదరాబాద్, అక్కణ్ణుంచి లండన్ వెళ్ళాలి. మా స్క్రీన్ మీద 788 అని చూశారు, అంటే 787-8. అంతే, రద్దు. పెనాల్టీ కట్టారు. వైజాగ్ విమానం వదిలేసి హైదరాబాద్‌కు కారు, అక్కణ్ణుంచి రెండు చోట్ల దిగి ఎక్కే టికెట్. రెండు టేకాఫ్‌లు కాస్తా మూడయ్యాయి. పైగా ఆరొందల కిలోమీటర్ల పైన రోడ్డు, వానాకాలం రాత్రి, తుని దాటాక లారీల మధ్య. ఎంత చెప్పినా వినలేదు. వాట్సాప్‌లో వచ్చిన ఆ రెండు మాటలతో ఆయన తీర్పు ఇచ్చేసుకున్నారు.

ఇంకోటి, స్క్రీన్ మీద కనపడే 788, 789, 7ఎం8 లాంటి విమానం రకం కోడ్‌లు శాశ్వతం కాదు. కంపెనీ ముందురోజు కూడా విమానం మార్చగలదు. మీరు డబ్బు కట్టి తప్పించుకున్న రకమే గేటు దగ్గర నిలబడి ఉండొచ్చు.

ఇక మిగతావి:

విమానం భయంతో రాత్రిపూట కారు మాట్లాడుకోకండి.

అహ్మదాబాద్‌లో బతికి బయటపడ్డ ఒకే ఒక్కాయన కూర్చున్నదని 11ఏ సీటు అడక్కండి. ఆ విమానంలో అది ఎమర్జెన్సీ డోరు దగ్గర ఉంది, మీ విమానంలో ఎక్కడుంటుందో!

వానల్లో కనెక్షన్‌కు గంట టైమ్ చాలదు. వేర్వేరు టికెట్లయితే మొదటిది లేటైతే రెండో కంపెనీకి సంబంధం ఉండదు.

పవర్ బ్యాంక్ చెకిన్ బ్యాగులో వద్దు.

మన వైజాగ్ రన్‌వే నేవీది. రీల్స్ తీయకండి.

దిగిపొమ్మంటే బ్యాగు ముట్టుకోకండి. 2024 జనవరిలో టోక్యో హనేడాలో విమానం మండిపోతున్నా 379 మందీ బయటపడ్డారు, సామాన్లు వదిలేయడం అందుకు ఒక ముఖ్య కారణం. 2016లో దుబాయ్‌లో కాలిపోయిన తిరువనంతపురం విమానంలో మనవాళ్ళు పైనుంచి బ్యాగులు లాగుతున్న వీడియో చూడండి.

పైలట్ల ఇళ్ళ వీడియోలు ఎవరికీ పంపకండి. ఆ ఇళ్ళలోనూ మనుషులు పోయారు.

ప్రాథమిక నివేదిక చూసి తేల్చేయకండి. మళ్ళీ చెప్తున్నా, తేల్చేయకండి. తుది నివేదికకు అంతర్జాతీయంగా పెట్టుకున్న గడువు ఏడాది, అంతకంటే లేటైనవీ బోలెడు.

మార్చాలనే అనిపిస్తే ముందు పెనాల్టీ ఎంతో కనుక్కోండి, ఆ రాత్రికి ఊరుకోండి, పొద్దున్న ఫోన్ చేయండి. ఆదివారం మధ్యాహ్నం దాకానే ఉంటాం.