వైద్య పరిశోధనలు చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: ఒక మందు, రెండు పనులు

పోయిన పాఠంలో శాతాల లెక్క చూశాం. ఈసారి చిక్కు కాస్త పెద్దది. మందు ఒకేసారి రెండు పనులు చేస్తే, మేలు దేనివల్ల జరిగిందో తేల్చేదెలా?

కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందులనే తీసుకోండి. ఇవి కాలేయంలో కొలెస్ట్రాల్ తయారుచేసే ఎంజైమును అడ్డుకుంటాయి, ‘చెడు కొలెస్ట్రాల్’ అనే ఎల్‌డీఎల్ పడిపోతుంది. ఇన్‌ఫ్లమేషన్‌కు (ఒంట్లోని వాపుకు) గుర్తుగా రక్తంలో కొలిచే సీఆర్‌పీ అనే ప్రోటీన్ కూడా తగ్గుతుంది. ధమని గోడలోని పూడిక చిట్లి, అక్కడ రక్తం గడ్డకట్టడంలో ఇన్‌ఫ్లమేషన్ పాత్ర ఉంది. అందుకే ఈ రెండో పని మీద అంత ఆసక్తి.

2008లో వచ్చిన జూపిటర్ పరిశోధన చూడండి. మొత్తం 17,802 మంది. అందరికీ ఎల్‌డీఎల్ డెసిలీటరుకు 130 మి.గ్రా. లోపే, సీఆర్‌పీ మాత్రం లీటరుకు 2 మి.గ్రా. లేదా ఆపైన. సగంమందికి రోసువాస్టాటిన్, సగంమందికి ఉత్తుత్తి మాత్ర. గుండెపోటు, పక్షవాతం లాంటివి ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 251 మందికి వస్తే, మందు వేసుకున్నవాళ్లలో 142 మందికే వచ్చాయి. సీఆర్‌పీ 37 శాతం తగ్గింది. ‘చూశారా, ఇన్‌ఫ్లమేషన్ తగ్గడం వల్లే!’ అనేయాలనిపిస్తుంది. ఆగండి. ఎల్‌డీఎల్ కూడా సగానికి పడింది. పైగా సీఆర్‌పీ తక్కువున్నవాళ్లను అసలు చేర్చుకోనేలేదు, ఇక పోల్చేదెవరితో?

కాబట్టి రెండింటిలో ఒక్కటే కదిలిన పరిశోధనలు వెతకాలి. కాగితం మీద రెండు గడులు గీయండి: ఎల్‌డీఎల్, సీఆర్‌పీ. 2017లో రెండు పెద్ద ఫలితాలు వచ్చాయి. ఫోరియర్ అనే పరిశోధనలో, అప్పటికే స్టాటిన్ వాడుతున్నవాళ్లకు ఎల్‌డీఎల్ తగ్గించే ఎవొలోక్యుమాబ్ ఇంజెక్షన్ ఇచ్చారు. ఎల్‌డీఎల్ 59 శాతం తగ్గింది, సీఆర్‌పీ కదల్లేదు. గుండెపోటు లాంటివాటి ముప్పు 15 శాతం తగ్గింది. క్యాంటాస్ అనే పరిశోధనలో ఇన్‌ఫ్లమేషన్ తగ్గించే కనాకినుమాబ్ ఇంజెక్షన్ ఇచ్చారు. సీఆర్‌పీ తగ్గింది, ఎల్‌డీఎల్ ఉన్నచోటే ఉంది. 150 మి.గ్రా. మోతాదులో ముప్పు ఇక్కడా 15 శాతమే తగ్గింది, కానీ ప్రాణం తీసే ఇన్ఫెక్షన్లు పెరిగాయి. అంటే రెండు దారులూ నిజమైనవే. అలాగని రెండూ సమానమనకండి: రోగులు వేరు, గమనించిన కాలం వేరు.

మరి స్టాటిన్ల మేలులో ఇన్‌ఫ్లమేషన్ వాటా ఎంత? జూపిటర్ అంకెలు ఎంత తిరగేసినా అది తేలదు. నిజానికి ఎల్‌డీఎల్ తగ్గుదలే చాలావరకు లెక్క సరిపెడుతుందని నా అభిప్రాయం.

అభ్యాసం: 2018లో సర్ట్ పరిశోధనలో ఇన్‌ఫ్లమేషన్ తగ్గించడానికి వాడే మెథోట్రెక్సేట్ అనే మందును తక్కువ మోతాదులో ఇచ్చారు. గుండెపోట్లు తగ్గలేదు. ‘ఇన్‌ఫ్లమేషన్ సంగతి అబద్ధం’ అనేముందు ఏ గడి చూడాలి? అందులో ఏముందో వెతికి రాసుకోండి. దాన్ని పట్టుకునే 5వ పాఠం మొదలుపెడదాం.