అప్‌స్కేలింగ్ హెచ్‌డీఎంఐ కేబుల్‌తో గేముల్లో బొమ్మ బాగుపడుతుందా? కొనేముందు ఏం చేయాలి, కొన్నాక ఎలా పెట్టాలి?

వేసవి సెలవులకి మా అక్క కొడుకు గుంటూరు బ్రాడీపేట నుంచి విజయవాడ మా ఇంటికి వస్తూ, బట్టలతో పాటు తన పాత పీఎస్3ని (ప్లేస్టేషన్ 3, టీవీకి తగిలించి గేములాడే కన్సోల్) కూడా సంచిలో పెట్టుకొచ్చాడు. వాళ్లింట్లో ఉన్నది 32 అంగుళాల పాత టీవీ. మా హాల్లో ఉన్నది 43 అంగుళాల 4కే టీవీ. పెద్ద తెర మీద కారు రేసు ఆడితే అదిరిపోతుందని వాడి ఆశ. తీరా పెట్టి చూస్తే కారు అంచులు రంపం పళ్లలా ఉన్నాయి, రోడ్డు పక్క కంచె మిణుకుమిణుకుమంటోంది. "మావయ్యా, మా ఇంట్లోనే బాగుంది" అనేశాడు. కొత్త టీవీ కొన్న వాడికి ఇంతకంటే అవమానం ఏముంటుంది?

ఆ రాత్రే ఆన్‌లైన్‌లో '4కే అప్‌స్కేలింగ్ గేమింగ్ కేబుల్' అన్నది, అంటే మామూలు బొమ్మని 4కేగా మారుస్తామని చెప్పే హెచ్‌డీఎంఐ కేబుల్ (కన్సోల్‌ని టీవీకి కలిపే తీగ) కనబడితే 899 రూపాయలు పెట్టి తెప్పించాను. ఎర్ర అల్లిక తొడుగు, బంగారు రంగు పిన్నులు, చూడ్డానికి పెళ్లికొడుకులా ఉంది. పెట్టాక బొమ్మలో వెంట్రుకవాసి తేడా లేదు. అది మామూలు కేబులే. దాని మీద రాసిన '4కే' అంటే 4కే సిగ్నల్‌ని మోయగలదని అర్థం, మామూలు సిగ్నల్‌ని 4కేగా మారుస్తుందని కాదు.

నిజంగా మార్చే కేబుళ్లు ఉన్నాయి. మార్సే అనే కంపెనీ ఎంకేబుల్ పేరుతో అమ్మినవి అలాంటివే. గేముల కోసమే ప్రత్యేకంగా చేసిన రకం 2017లో వచ్చింది. వాటి తలలో ఒక చిన్న చిప్ ఉంటుంది. మామూలు కేబుల్‌కి, దీనికి పోలికే లేదు. అయితే అది కూడా పని చేసేది కొందరి ఇళ్లలోనే. అందుకే డబ్బు తీయకముందు చేయాల్సిన పనులు ముందు చెప్తాను. మా ఇంట్లో సగానికి పైగా సమస్య వాటితోనే తీరిపోయింది.

ముందు లెక్క తెలుసుకోండి

చుక్కల ముగ్గు ఊహించుకోండి. 720పీ బొమ్మలో 1280 అడ్డం, 720 నిలువు, అంటే మొత్తం 9,21,600 చుక్కలు. 4కే టీవీ తెర మీద 3840 అడ్డం, 2160 నిలువు, అంటే 82,94,400 చుక్కలు. సరిగ్గా తొమ్మిది రెట్లు. వచ్చిన ఒక్కో చుక్కకి తొమ్మిది చుక్కల చోటు నింపాలి. ఆ మిగతా ఎనిమిదింటినీ ఎవరో ఒకరు ఊహించి పెట్టాల్సిందే. 1080పీ నుంచయితే నాలుగు రెట్లు.

ఆ ఊహించే పనినే అప్‌స్కేలింగ్ అంటారు. ప్రతి 4కే టీవీ ఆ పని ఎలాగూ చేస్తుంది, లేకపోతే బొమ్మ తెర మధ్యలో చిన్న పెట్టెలా కూర్చుంటుంది. కాబట్టి మీ ఇంట్లో అప్‌స్కేలర్ ఇప్పటికే ఉంది. అది బాగా చేస్తోందా లేదా, దాని పని మీరు చెడగొడుతున్నారా అన్నదే ప్రశ్న.

మొదటి పని: టీవీకి ఏం వస్తోందో చూడండి

గేము నడుస్తుండగా టీవీ రిమోట్‌లో ఇన్ఫో బటన్ నొక్కండి. చాలా టీవీల్లో పై మూల 1280×720 అనో, 1920×1080 అనో కనిపిస్తుంది. మావాడి పీఎస్3 నుంచి వస్తున్నది 576పీ! వాళ్ల పాత టీవీకి ఎప్పుడో పెట్టిన సెట్టింగ్ అలాగే ఉండిపోయింది. ఇంత చిన్న విషయానికి నేను 899 తగలేశాను.

రెండో పని: కన్సోల్ సెట్టింగ్ సరిచేయండి

పీఎస్3లో సెట్టింగ్స్‌కి వెళ్లి డిస్‌ప్లే సెట్టింగ్స్, అందులో వీడియో అవుట్‌పుట్ సెట్టింగ్స్ తెరవండి. హెచ్‌డీఎంఐ ఎంచుకుని, ఆటోమేటిక్ కాకుండా కస్టమ్ అనండి. రిజల్యూషన్ల జాబితా వస్తుంది. ఇక్కడ చాలామంది ఒక తప్పు చేస్తారు. 1080పీ ఒక్కటే టిక్ చేసి, 720పీ తీసేస్తారు. పీఎస్3 గేముల్లో ఎక్కువ భాగం 720పీకే తయారయ్యాయి. ఆ టిక్ లేకపోతే వాటిలో చాలా గేములు 1080కి ఎక్కవు సరికదా, 480కో 576కో దిగిపోతాయి. అందుకని రెండూ టిక్ చేసి ఉంచండి.

ఏదో ఒకటి నొక్కి తెర నల్లగా అయిపోతే కంగారు పడకండి. కన్సోల్ పూర్తిగా ఆపి, పవర్ బటన్ అలాగే నొక్కి పట్టుకోండి. మొదటి బీప్ తర్వాత కాసేపటికి రెండో బీప్ వస్తుంది. అప్పుడు వదిలితే వీడియో సెట్టింగ్ మొదటికి వస్తుంది.

ఎక్స్‌బాక్స్ 360 ఉన్నవాళ్లకి ఈ తలనొప్పి లేదు. దాంట్లోనే స్కేలర్ ఉంది, 1080పీ పెట్టి వదిలేయడమే. పీఎస్4, డాక్‌లో (టీవీకి కలిపే స్టాండులో) పెట్టిన మొదటి తరం నింటెండో స్విచ్ కన్సోల్ కూడా 1080పీ.

మూడో పని: టీవీని గేము కోసం సిద్ధం చేయండి

అసలు తేడా అంతా ఇక్కడే ఉంది, కాస్త ఓపిగ్గా చేయండి. షోరూంలో జిగేల్‌మనాలని కంపెనీవాళ్లు పెట్టిన సెట్టింగులతోనే మనలో చాలామంది ఏళ్లకేళ్లు చూస్తుంటాం.

గేము ఏ పోర్టులో ఉందో ఆ పోర్టుకి పిక్చర్ మోడ్‌ని గేమ్ అని మార్చండి. మామూలు మోడ్‌లో టీవీ ప్రతి బొమ్మనీ కడిగి, తుడిచి, దిద్ది చూపిస్తుంది. దానికి టైం పడుతుంది. సెకనుకి 60 ఫ్రేములు (విడి బొమ్మలు) వచ్చే గేములో ఒక్కో ఫ్రేముకి దక్కేది 16.7 మిల్లీసెకన్లే. టీవీ ఐదారు ఫ్రేములు వెనకబడితే మీరు బ్రేక్ నొక్కే వేళకి కారు గోడకి గుద్దేసి ఉంటుంది.

తర్వాత షార్ప్‌నెస్. పేరు చూసి మోసపోకండి, పెంచితే బొమ్మ స్పష్టం కాదు, అంచుల చుట్టూ తెల్లని గీత వస్తుంది అంతే. రంపం పళ్లు ఇంకా పదునెక్కుతాయి. చాలా టీవీల్లో సున్నా దగ్గర పెడితే సరిపోతుంది. సోనీలో మాత్రం మామూలు స్థాయి 50. మా టీవీలో అది 75 దగ్గర ఉంది. దించగానే కంచె మిణుకు సగం తగ్గింది. వాడు రిమోట్ లాక్కుని పైకీ కిందకీ పదిసార్లు తిప్పి చూశాడు.

స్కోరు చివరి అంకె తెర అంచులో తెగిపోతోందా? అది ఓవర్‌స్కాన్. టీవీ బొమ్మని కాస్త సాగదీసి అంచులు కత్తిరిస్తోంది, అంటే అనవసరంగా ఇంకోసారి స్కేల్ చేస్తోంది. ఎల్‌జీలో జస్ట్ స్కాన్, శామ్‌సంగ్‌లో ఫిట్ టు స్క్రీన్, సోనీలో ఫుల్ పిక్సెల్ అనే పేర్లతో ఉంటుంది. ఆస్పెక్ట్ రేషియో లేదా పిక్చర్ సైజ్ మెనూలో వెతకండి.

నాయిస్ రిడక్షన్, మోషన్ స్మూతింగ్ రెండూ ఆపేయండి.

నలుపు బూడిద రంగులో కనబడినా, చీకటి సీన్లన్నీ మసిబారినట్టు ఉన్నా, కన్సోల్‌లో ఆర్‌జీబీ రేంజ్, టీవీలో బ్లాక్ లెవల్ ఒకదానికొకటి సరిపోలేదన్నమాట. రెండూ లిమిటెడ్ గానీ, రెండూ ఫుల్ గానీ ఉండాలి. ఒకటి అటు, ఒకటి ఇటు ఉండకూడదు.

పీఎస్4 ప్రో, పీఎస్5 లాంటి 4కే కన్సోళ్లకి ఇంకో మెట్టు ఉంది. టీవీలో ఆ పోర్టుకి పూర్తి సిగ్నల్ తీసుకునే అనుమతి ఇవ్వాలి. శామ్‌సంగ్‌లో దాన్ని ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్ అంటారు, ఎల్‌జీలో డీప్ కలర్, సోనీలో సిగ్నల్ ఫార్మాట్.

నాలుగో పని: ఉన్న కేబుల్ బాగుందో లేదో చూడండి

హెచ్‌డీఎంఐలో వెళ్లేది సున్నాలు, ఒకట్లు. పాత యాంటెనా తీగలాగా కాస్త మసక, కాస్త స్పష్టం అనేది ఇక్కడ ఉండదు. కేబుల్ పాడైతే తెర మీద మెరుపు చుక్కలు రాలతాయి, లేదా బొమ్మ రెండు క్షణాలు పోయి వస్తుంది. అవి లేకపోతే మీ కేబుల్ నిక్షేపంగా ఉన్నట్టే. ఖరీదైన కేబుల్‌తో రంగులు బాగుంటాయని బీసెంట్ రోడ్డులో ఏ షాపతను చెప్పినా నమ్మకండి.

ఎంత మోయగలదన్నది మాత్రం చూసుకోవాలి. సెకనుకి 60 ఫ్రేముల 4కేకి 18 గిగాబిట్ల కేబుల్ చాలు, ప్యాకెట్ మీద ప్రీమియం హై స్పీడ్ అని ఉంటుంది. పీఎస్5లో 120 ఫ్రేముల 4కే కావాలంటే 48 గిగాబిట్ల అల్ట్రా హై స్పీడ్ రకం తీసుకోండి. పీఎస్3కి ఇవేవీ అక్కర్లేదు.

ఐదో పని: ఇంకా తృప్తి లేకపోతే చిప్ ఉన్న కేబుల్

ఇంతదాకా చేశాక మావాడి బొమ్మ చాలావరకు దారికొచ్చింది. అయినా కరెంటు తీగల్లాంటి సన్నని గీతలు మెట్లు మెట్లుగానే ఉన్నాయి. అది టీవీ తప్పు కాదు, గేము తయారైందే అలా. ఇక్కడ చిప్ కేబుల్‌కి పని ఉంది. బొమ్మలో అంచులు ఎక్కడున్నాయో గుర్తుపట్టి, ఆ మెట్లని నునుపు చేసి, ఆ తర్వాత పెద్దది చేస్తుంది.

అసలుదా, ఉత్తుత్తిదా అని తెలుసుకోవడానికి నేను వాడే గుర్తు ఒకటే: కేబుల్‌కి పక్కనుంచి యూఎస్‌బీ తోక ఉందా? హెచ్‌డీఎంఐ నియమాల ప్రకారం కన్సోల్ తన పోర్టు నుంచి కచ్చితంగా ఇవ్వాల్సిన కరెంటు 5 వోల్టుల దగ్గర 55 మిల్లీయాంపులు మాత్రమే. అంటే పావు వాటు పైచిలుకు. అంత కొంచెంతో ఒక్కో ఫ్రేమునీ దిద్దే చిప్ నడవడం కష్టం. అందుకే దానికి వేరే కరెంటు కావాలి. తోక లేకుండా 'అప్‌స్కేలింగ్' అని రాసి ఉంటే నా 899 రూపాయల సరుకే. ఒక చివర 'సోర్స్', ఇంకో చివర 'టీవీ' అని రాసున్నంత మాత్రాన కూడా నమ్మొద్దు. దూరానికి సిగ్నల్ మోసే పొడవాటి కేబుళ్లకీ ఆ గుర్తులు ఉంటాయి, అవి బొమ్మని ముట్టుకోవు.

మా స్నేహితుడొకడు అమెరికా నుంచి తెచ్చుకున్న చిప్ కేబుల్ రెండు రోజులు అరువు ఇచ్చాడు. పెట్టే పద్ధతి ఇది.

టీవీ, కన్సోల్ రెండూ స్విచ్ బోర్డు దగ్గరే ఆపేయండి. ఎర్తింగ్ సరిగా లేని ఇళ్లలో కన్సోల్ లోహపు భాగం ముట్టుకుంటే సన్నగా జివ్వుమంటుంది చూశారా, ఆ లీకేజీ మీద హెచ్‌డీఎంఐ పీకి పెడితే పోర్టు కాలిపోయే ప్రమాదం ఉంది. తర్వాత టీవీ అని రాసిన చివరని టీవీకే పెట్టండి. తిరగేస్తే బొమ్మ రాదు. యూఎస్‌బీ తోకని టీవీ వెనక యూఎస్‌బీ పోర్టులోనో, మామూలు ఫోన్ చార్జర్‌లోనో గుచ్చండి. కేబుల్‌కి కరెంటు అందాకే కన్సోల్ ఆన్ చేయండి. టీవీ షార్ప్‌నెస్ మళ్లీ చూసుకోండి, అది ఎక్కువగా ఉంటే కేబుల్ నునుపు చేసిందాన్ని టీవీ మళ్లీ గరుకు చేస్తుంది. చివరగా ఇన్ఫో బటన్ నొక్కండి. ఇంతకుముందు కనబడిన రిజల్యూషన్ ఇప్పుడు పెరిగిందంటే చిప్ పనిచేస్తున్నట్టు.

ఆరో పని: కళ్లు మూసుకుని పరీక్ష

డబ్బు పెట్టిన కంటికి అన్నీ బాగానే కనిపిస్తాయి. అందుకని నేను గోడవైపు తిరిగి కూర్చున్నాను. మావాడు ప్రతిసారీ అన్నీ స్విచ్ బోర్డు దగ్గర ఆపి, కేబుల్ మార్చో మార్చకుండానో, గేముని మళ్లీ అదే చోటికి తెచ్చి "ఊఁ, చూడు" అనేవాడు. మార్చకపోయినా టీవీ వెనక చెయ్యి పెట్టి గలగలలాడించేవాడు, దొంగ వెధవ. ఏ కేబులో నేను చెప్పాలి. టీవీకి మూడడుగుల దూరంలో పదిసార్లకి తొమ్మిదిసార్లు సరిగ్గా చెప్పాను. సోఫాలో కూర్చుంటే ఐదే, బొమ్మాబొరుసు వేసినట్టు.

కారణం దూరమే. 43 అంగుళాల తెర మీద 720పీ చుక్కలు మామూలు చూపున్న కంటికి ఎనిమిదిన్నర అడుగుల దాకానే విడివిడిగా తెలుస్తాయి. 1080పీ అయితే ఐదున్నర అడుగుల దాకా. మా సోఫా తొమ్మిదడుగుల దూరంలో ఉంది. మీరు కూడా టేపు పెట్టి కొలవండి. దగ్గరగా కూర్చుని పాత కన్సోల్ గానీ, స్విచ్ గానీ ఆడేవాళ్లకే ఈ కేబుల్ మీద పెట్టిన డబ్బు కంటికి కనబడుతుంది. మా హాల్లో అనవసరం అనిపించి రెండు రోజుల తర్వాత తిరిగిచ్చేశాను.

పీఎస్5 ఉన్నవాళ్లు దీని జోలికి పోవద్దు. అది ఎలాగూ 4కే ఇస్తుంది, మధ్యలో చిప్ పెడితే 120 ఫ్రేముల లాంటి సౌకర్యాలు పోగొట్టుకోవచ్చు. పీసీ, గేమింగ్ ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకి ఇదే పని ఉచితంగా, ఇంకా బాగా జరుగుతుంది. ఎన్‌విడియా 2018లో డీఎల్‌ఎస్‌ఎస్ తెచ్చింది, ఏఎండీ 2021లో ఎఫ్‌ఎస్‌ఆర్ తెచ్చింది. గేము గ్రాఫిక్స్ మెనూలో ఆ పేర్లు కనబడితే క్వాలిటీ అన్నది ఎంచుకోండి. అవి గేము లోపలి నుంచే పనిచేస్తాయి కాబట్టి ఏ వస్తువు ఎటు కదులుతోందో వాటికి తెలిసే వీలుంటుంది. కేబుల్ చూసేది తయారైపోయిన బొమ్మని మాత్రమే.

ఇక పీఎస్2. దానికి హెచ్‌డీఎంఐ పోర్టే లేదు. పసుపు పిన్ను కేబుల్‌ని చౌక కన్వర్టర్‌కి తగిలించి, దాని మీద అప్‌స్కేలింగ్ కేబుల్ పెడితే మసకనే పెద్దది చేసి చూపిస్తుంది. ముందు ఎరుపు, ఆకుపచ్చ, నీలం పిన్నులుండే కాంపొనెంట్ కేబుల్ సంపాదించండి. మీ టీవీకి ఆ మూడు రంధ్రాలుంటే నేరుగా దానికే పెట్టేయండి.