ఫైబర్ బోటు డెక్కు మూత కింద నీరు కారకుండా: నా అనుభవం

బోటు డెక్కు (పైతలం) మీది గుండ్రటి మూత కింద నీరు చేరితే అందరూ రబ్బరు రింగునే అనుమానిస్తారు. నేను చూసినంతలో దోషం ఎక్కువగా మూత కూర్చునే ఫ్రేము కింద, స్క్రూ రంధ్రాల్లో ఉంటుంది. ఫ్రేము విప్పి పాత సీలెంటు (సందుల్లోకి నీరు రాకుండా మూసే జిగురు) పూర్తిగా గీకేయండి. సిలికాన్ పొర ఏమాత్రం మిగిలినా కొత్తది అంటుకోదు. ఫైబరును అసిటోన్‌తో తుడవచ్చు. ప్లాస్టిక్ ఫ్రేముకు మాత్రం ఐసోప్రొపైల్ ఆల్కహాలే వాడాలి, అసిటోన్ దాన్ని పాడుచేస్తుంది.

డెక్కు పొరల మధ్య ప్లైవుడ్ ఉంటే రంధ్రాలు పెద్దవి చేసి, బాగా ఆరనిచ్చి, ఎపాక్సీ (రాయిలా గట్టిపడే రెసిన్ జిగురు) నింపి, గట్టిపడ్డాక మళ్లీ డ్రిల్ చేయాలి. ఇది వదిలేస్తే చెక్క లోలోపలే కుళ్లిపోతుంది.

తర్వాత ఫ్రేము అడుగున పాలీయురెథేన్ సీలెంటు 6 మి.మీ. లావున ఎక్కడా తెగకుండా పెట్టి, ప్రతి రంధ్రం చుట్టూ ఒక వలయం తిప్పండి. స్క్రూలు ఎదురెదురుగా, మెల్లగా బిగించాలి. బలంగా తిప్పితే సీలెంటంతా బయటికొచ్చేస్తుంది. కనీసం 1 మి.మీ. మందం లోపల మిగలాలి. రెండు రోజులు ఆగాక రింగుకు సిలికాన్ గ్రీజు రాసి, బకెట్ నీళ్లు పోసి చూడండి.